వీధి కొట్టు మర్యాద: పరిచయమా, హక్కా?

చిన్న వ్యాపారుల దగ్గర దొరికే సేవను గురించి తెలుగు సమాజంలో రెండు విరుద్ధమైన అభిప్రాయాలు పక్కపక్కనే చెలామణి అవుతున్నాయి. వీధి చివరి కిరాణా కొట్టు యజమాని ఇంటిల్లిపాదినీ ఎరుగుననీ, అవసరానికి అరువు ఇస్తాడనీ, పెద్ద దుకాణాలలో అటువంటి ఆదరణ దొరకదనీ మెచ్చుకొనే నోళ్ళే, దర్జీ చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వడనీ, కరెంటు పనివాడు వస్తానన్న పూట రాడనీ, బాగుచేయించిన మిక్సీ వారం తిరగకుండానే మళ్ళీ మొరాయించిందనీ వాపోతాయి. ఈ రెండు మాటలూ నిజమే. పైగా రెండింటికీ మూలం ఒక్కటే. చిన్న వ్యాపారంలో సేవ రాసిపెట్టుకొన్న నియమాల మీద కాక పరిచయం మీద నడుస్తుంది కాబట్టి, పరిచయం ఇవ్వగలిగినవన్నీ అక్కడ ధారాళంగా దొరుకుతాయి, నియమం మాత్రమే ఇవ్వగలిగినవి కొరవడతాయి. కొనుగోలుదారు అక్కడ దేనిని మర్యాదగా స్వీకరించాలి, దేనిని హక్కుగా అడగాలి అన్నది ఈ తేడాను గుర్తించిన తరువాతే తేలుతుంది.

చిన్న వ్యాపారమంటే ఏమిటో కూడా ముందుగా తేల్చుకోవాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ప్రభుత్వ నిర్వచనం ప్రకారం, యంత్రాలు, పరికరాల మీద రెండున్నర కోట్ల రూపాయల వరకు పెట్టుబడీ, ఏటా 10 కోట్ల వరకు టర్నోవరూ, అంటే మొత్తం అమ్మకాల విలువా, ఉన్న సంస్థ ‘సూక్ష్మ సంస్థ’ కిందికి వస్తుంది. ఆ కొలతతో చూస్తే టిఫిన్ సెంటరూ, ఇస్త్రీ బండీ, సైకిల్ షాపూ కంటికి ఆనవు. అందువల్ల రూపాయల లెక్కను పక్కన పెట్టి, గల్లాపెట్టె దగ్గర కూర్చొనేవాడూ, సరుకు తెచ్చేవాడూ, తప్పు జరిగితే జవాబు చెప్పవలసినవాడూ ఒక్కరే అయిన వ్యాపారాన్ని ఇక్కడ చిన్న వ్యాపారంగా తీసుకోవడం సమంజసం. అటువంటి చోట నిర్ణయాధికారం ఉన్న మనిషి ఎప్పుడూ ఎదురుగానే ఉంటాడు. అయితే ఆ మనిషికి జ్వరం వస్తే షట్టరు దిగిపోతుంది.

పనివాడు మాట తప్పితే ఏమి చేయాలన్న ప్రశ్న కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో నాలుగవ అధికరణమైన ‘కంటకశోధనం’, అంటే ప్రజలకు ముల్లువలె బాధ కలిగించేవారిని అదుపు చేసే పద్ధతిని వివరించే భాగం, దొంగలకంటే ముందు చేతివృత్తులవారితో మొదలవుతుంది. పనివాడు ఒప్పుకొన్న చోట, ఒప్పుకొన్న గడువులో, ఒప్పుకొన్న రీతిలో పని చేసి ఇవ్వాలనీ, గడువు దాటితే కూలిలో నాలుగవ వంతు కోసి, దానికి రెట్టింపు జరిమానా వేయాలనీ ఆ గ్రంథం విధిస్తుంది. చాకలివారు చెక్క పలక మీద గాని నున్నని రాతి మీద గాని మాత్రమే ఉతకాలనీ, మరొకచోట ఉతికి బట్ట పాడుచేస్తే పరిహారంతో పాటు 6 పణాలు చెల్లించాలనీ, ముద్గరం గుర్తు వేసిన బట్టలు తప్ప వేరేవి తొడుక్కొంటే 3 పణాలు, ఒకరి బట్టలను అమ్మినా అద్దెకు ఇచ్చినా తాకట్టు పెట్టినా 12 పణాలు దండుగ కట్టాలనీ అందులో ఉంది. పణం ఆనాటి వెండి నాణెం. ముద్గరం అంటే గద. జరిమానాలను ఇంత వివరంగా రాయవలసి వచ్చిందంటే, ఊరివారి బట్టలు శుభకార్యాలకు అద్దెకు తిరగడం అప్పటికే బాగా అలవాటైన సంగతి అయి ఉండాలి. ఈ నియమాలు పాలకుల వైపు నుంచి, పనివాడిని అనుమానంతో చూస్తూ రాసినవన్న మాట మరువరాదు. అయినా చోటు, గడువు, రీతి అనే మూడు అంశాలుగా సేవను విడదీసి చూసిన పద్ధతి నేటి దర్జీ దుకాణానికీ సరిపోతుంది.

తెలుగు గ్రామాలలో ఈ సంబంధం వేరొక రూపం దాల్చింది. విజయనగర కాలంలో ఆయగాళ్ళు అనే పేరుతో వ్యవహరింపబడిన గ్రామోద్యోగులూ వృత్తులవారూ, ముఖ్యంగా కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైనవారు, చేసిన ప్రతి పనికీ అప్పటికప్పుడు డబ్బు పుచ్చుకోక, మాన్యాల మీదా, కళ్ళంలో పంట నూర్చినప్పుడు ధాన్యంలో తమకు కొలిచి ఇచ్చే వాటా మీదా బతికేవారు. ఆ వాటాను మేర అనేవారు. నాగలి కర్రు సాగదీయడానికి కమ్మరి ఎవరి వంతు ముందు చేపట్టాలో, మంగలి ఎవరి వాకిలికి ఎన్నడు వెళ్ళాలో ఆచారమే నిర్ణయించేది. ఆ ఏర్పాటులో రైతు వేరే కమ్మరిని వెతుక్కోలేడు, కమ్మరి రైతును వదులుకోలేడు. సేవకు హామీ ఉండేది గాని, ఆ హామీ ఒకరి పుట్టుకకు వేసిన కట్టుకొయ్య. డబ్బు వాడకం పెరిగి, వృత్తులు కొట్లుగా మారిన తరువాత కూడా ఆనాటి అధికారస్వరం పూర్తిగా పోలేదు. నెరిసిన తల ఉన్న ఇస్త్రీ పనివాడిని కుర్రవాడు ఏకవచనంలో పిలవడంలో, టీ కొట్టులో కప్పులు కడిగే మనిషిని ‘ఏయ్’ అని కేకవేయడంలో అది వినబడుతూనే ఉంటుంది. మర్యాద ఆశించేవారు ఇచ్చే మర్యాద ఎంత అన్న ప్రశ్నను ఈ విషయంలో తప్పించుకోవడం సాధ్యం కాదు.

పరిచయం ఇచ్చే మేళ్ళను తక్కువగా చూడడం పొరపాటు. కిరాణా కొట్టులో పావుకిలో కందిపప్పు, పది రూపాయల పచ్చిమిరపకాయలు, ఒక్క కొబ్బరికాయ అడిగినా ఎవరూ విసుక్కోరు. రోజు కూలితో బతికే కుటుంబానికి ఈ చిల్లర అమ్మకమే అసలైన సేవ, ఎందుకంటే నెల సరుకు ఒకేసారి కొనడానికి చేతిలో ఉండవలసిన సొమ్ము వారి దగ్గర ఉండదు. కోస్తాలో అరువు అనీ, తెలంగాణలో ఉద్దెర అనీ పిలిచే పద్ధతిలో కొట్టు యజమాని హామీ పత్రం లేకుండా, పైకి వడ్డీ లేకుండా, మనిషి ముఖాన్ని చూసి సరుకు ఇచ్చి ఖాతా పుస్తకంలో రాసుకొంటాడు. ఆ వడ్డీలో కొంత ధరలో కలిసి ఉంటుందన్నది వేరే సంగతి. కూరగాయలు తూచిన తరువాత రెండు రెబ్బల కరివేపాకు కొసరుగా వేయడం, పసిపిల్ల వస్తే డబ్బు సరిగా లెక్కపెట్టి చీటీలో రాసి పంపడం, పెద్దవారికి మూట ఇంటికి చేర్చడం ఏ ధరల పట్టికలోనూ ఉండవు.

ఇదంతా కేవలం మంచితనమని గాని, కేవలం లెక్కలని గాని అనడం కుదరదు. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ మొరాకో దేశంలోని సెఫ్రూ అనే పట్టణపు బజారును పరిశీలించి 1978లో ప్రచురించిన వ్యాసంలో, సరుకు నాణ్యత, అసలు ధర, అమ్మేవాడి నిజాయితీ గురించిన సమాచారం బజారులో చాలా అరుదైనదనీ, ఆ కొరతను దాటడానికే కొనేవారూ అమ్మేవారూ ప్రతిసారీ కొత్త మనిషిని వెతుక్కోక పాత మనిషి దగ్గరికే వెళుతుంటారనీ వివరించాడు. తెలుగునాట వాడుకగా పాలు పోయించుకోవడం, ఒకే కంసాలి దగ్గర తరతరాలుగా నగలు చేయించుకోవడం సరిగ్గా ఇటువంటివే. పాలలో నీళ్ళ పాలు ఎంతో, బంగారంలో కల్తీ ఎంతో కంటితో తేల్చలేని చోట, రేపు కూడా ఈ మనిషి ముఖం చూడవలసి ఉంటుందన్న జంకు కొంతవరకు కాపలా కాస్తుంది. అయితే ఆ కాపలా ఎంత బలహీనమైనదో బంగారం విషయంలో ప్రభుత్వం గుర్తించక తప్పలేదు. 2021 జూన్‌లో హాల్‌మార్క్, అంటే స్వచ్ఛతను పరీక్షించి వేసే ముద్ర, మొదటగా 256 జిల్లాలలో తప్పనిసరి అయింది, 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల మీద ఆరు అక్షరాంకెల ప్రత్యేక గుర్తింపు సంఖ్య కూడా ఉండాలన్న నియమం వచ్చింది.

పరిచయానికి మరొక చీకటి పార్శ్వం ఉంది. తెలిసినవారికి మేలు జరుగుతుందంటే, తెలియనివారికి ఆ మేలు జరగదనే అర్థం. పాత ఖాతాదారుకు తాజా కూరలు, కొత్తగా అద్దెకు దిగినవారికి నిన్నటివి. కాలనీ సంఘం పెద్దకు ఆ పూటే ప్లంబరు, పనిమనిషి ఇంటి కుళాయికి వచ్చే వారం. భాష రాని ఒడిశా, బీహార్ కూలీలకు మారుమాట లేని ధర: ఇవన్నీ పరిచయం మీద నడిచే సేవకు సహజమైన ఫలితాలే. కులం వచ్చి చేరినప్పుడు ఇది అన్యాయంగా మారుతుంది. తెలుగు పల్లెలలో హోటళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెట్టి, తాగిన తరువాత వారిచేతనే కడిగించిన రెండు గ్లాసుల పద్ధతి ఎంతో పాత చరిత్ర కాదు. క్షౌరశాలలో కూర్చోనివ్వకపోవడమూ అంతే. పరిచయం ఎంత ఉన్నా ఆ గ్లాసు మారలేదు, నిజానికి ఎవరు ఎవరో అందరికీ తెలిసి ఉండడమే దానికి ఆధారం.

రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండవ ఖండం దుకాణాలు, హోటళ్ళు, వినోదస్థలాలలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని చెప్పింది. 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. దానిని అమలు చేయడానికి 1955లో వచ్చిన చట్టం, 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరు మార్చుకొన్నది, తన 6వ సెక్షన్‌లో ఒక గమనించదగిన కొలమానాన్ని ఇచ్చింది. మామూలు వ్యాపారంలో ఇతరులకు ఏ సమయంలో, ఏ చోట, ఏ షరతుల మీద వస్తువు అమ్ముతున్నారో లేదా సేవ చేస్తున్నారో, అదే సమయంలో, అదే చోట, అవే షరతుల మీద అస్పృశ్యత కారణంగా ఒకరికి నిరాకరించడం నేరమని దాని సారాంశం. వినియోగదారుల చట్టాలలో ఎక్కడా ఇంత సూటిగా చెప్పని మాట ఇది. చిన్న దుకాణం నుంచి ఆశించదగిన కనీస సేవకు భారతీయ చట్టంలో ఉన్న ఉత్తమమైన నిర్వచనం, కులవివక్షను శిక్షించడానికి రాసిన వాక్యంలో దొరకడం యాదృచ్ఛికం కాదు. ఈ దేశంలో సేవను నిరాకరించిన చరిత్ర ఆ మార్గాననే నడిచింది.

నిత్యజీవితంలో వినబడే ఫిర్యాదులలో అధికభాగం మాత్రం గడువుకు సంబంధించినవి. దసరాకు, రంజాన్‌కు, మాఘమాసపు పెళ్ళిళ్ళకు ముందు దర్జీ దుకాణాలలో ‘రేపు రండి’ అన్న మాట ఎన్నిసార్లు వినబడుతుందో లెక్క ఉండదు. దీనికి దర్జీ గుణాన్ని నిందించేకంటే పని నడిచే తీరును చూడడం మేలు. గుడ్డ కత్తిరించేది మాస్టరు ఒక్కడే. కుట్టేవారు పీసు లెక్కన కూలి తీసుకొంటూ, ఎక్కువ ఇచ్చే దుకాణానికి సీజనులో తరలిపోతూ ఉంటారు. కాజాలు, హుక్కులు, ఫాల్ కుట్టడం తరచుగా బయట ఇళ్ళలో ఉండే ఆడవారి చేతుల మీదుగా జరుగుతాయి. ఈ గొలుసులో ఎక్కడ ఆగినా తేదీ జరుగుతుంది. మిగిలిన నెలలలో పని పలచబడుతుంది కాబట్టి, పండుగ ముందు వచ్చిన ఏ గుడ్డనూ వద్దనడానికి యజమానికి మనసొప్పదు.

వరుసలో నిరీక్షణ ఎంతసేపు ఉంటుందో లెక్కకట్టే సూత్రాన్ని అమెరికన్ శాస్త్రవేత్త జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించాడు. దానిని లిటిల్ సూత్రం అంటారు. చేతిలో ఉన్న పనుల సంఖ్యను, రోజుకు పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే, ఒక పని సగటున ఎన్నాళ్ళు దుకాణంలో పడి ఉంటుందో తెలుస్తుంది. రోజుకు 8 జాకెట్లు కుట్టే చోట 120 జాకెట్ల గుడ్డలు పేరుకొని ఉంటే, కొత్తగా ఇచ్చిన జాకెట్టుకు 15 రోజులు పడుతుంది. ‘నాలుగు రోజుల్లో ఇస్తాను’ అన్న మాటకు అర్థం, మరెవరినో వెనక్కు నెట్టుతాడని మాత్రమే. అర్జెంటు పేరుతో వంద రూపాయలు ఎక్కువ ఇచ్చినవారు కొనేది దర్జీ శ్రమను కాదు, తెలియని మరొక స్త్రీ వంతును. అందువల్ల తేదీ ఎప్పుడని అడగడానికి ముందు చేతిలో ఎన్ని ఉన్నాయి, రోజుకు ఎన్ని తెగుతున్నాయి అని అడగడం ఉపయోగకరం. నిజాయితీగల దర్జీ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

మరి గడువు గురించి అబద్ధం ఎందుకు అంత సులభంగా వస్తుంది? ఆర్థికవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో వెలువరించిన ఒక గ్రంథంలో, సేవ దిగజారినప్పుడు మనిషి ముందున్న దారులను రెండుగా చూపాడు: ఒకటి విడిచిపోవడం, రెండవది గొంతు విప్పడం, ఈ రెండింటిలో ఏది ఎంచుకొంటారన్నది విధేయత, అంటే ఆ చోటి మీద ఉన్న మమకారం, నిర్ణయిస్తుందని వివరించాడు. గుడ్డ కత్తిరించకముందు వినియోగదారు చేతిలో రెండు దారులూ ఉంటాయి. కత్తెర పడిన క్షణం నుంచి విడిచిపోయే దారి మూసుకుపోతుంది. విప్పిన స్కూటరు ఇంజనూ, తెరచి పెట్టిన ఫోనూ, సగం తవ్విన బాత్‌రూమూ ఇదే స్థితిలో ఉంటాయి. అక్కడి నుంచి ‘రేపు’ అన్న మాటకు చెప్పేవాడికి ఖర్చు ఉండదు. ఈ పరిస్థితిలో కొనుగోలుదారుకు మిగిలిన బలం ఇంకా చెల్లించని సొమ్మే కాబట్టి, అడ్వాన్సు తక్కువగా ఇవ్వడం, తేదీని రసీదు మీద రాయించడం, అసలు అవసరమైన రోజుకంటే ముందుగా ట్రయల్ తేదీ పెట్టుకోవడం అనుమానం కిందికి రావు, పనికి కట్టిన గట్టు కిందికి వస్తాయి.

విడిచిపోయే హక్కు ఎంత మార్పు తెస్తుందో చౌకధరల దుకాణాలు చూపించాయి. ఒక కార్డుకు ఒకే డీలరు అన్న ఏర్పాటు ఉన్నన్నాళ్ళూ, దుకాణం ఎప్పుడు తెరుస్తాడో, తూకం ఎలా వేస్తాడో డీలరు ఇష్టాన్ని బట్టి ఉండేది. కార్డుదారు ఏ దుకాణంలోనైనా వేలిముద్ర వేసి సరుకు తీసుకోవచ్చన్న పోర్టబిలిటీ, అంటే హక్కు మనిషి వెంట కదిలే పద్ధతి, వచ్చిన తరువాత డీలరు దగ్గర సరుకు తీసుకోవడమా మానడమా అన్నది కార్డుదారు చేతిలోకి వచ్చింది. 2019 ఆగస్టు 9న ఈ సౌకర్యాన్ని రాష్ట్రాల సరిహద్దు దాటించినప్పుడు దేశంలో మొట్టమొదటగా జతకూడిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒక జంట, గుజరాత్, మహారాష్ట్ర మరొక జంట. అయితే ఊరికి ఒకే దుకాణం ఉన్న ఏజెన్సీ గ్రామాలలో కాగితం మీది హక్కు కాళ్ళకు అందదు. కిరాణా కొట్టుకూ, మందుల షాపుకూ అదే మాట వర్తిస్తుంది. వెళ్ళడానికి మరో చోటు లేనివారికి గొంతు విప్పడం ఒక్కటే మిగులుతుంది, ఆ గొంతుకు బలం ఇవ్వవలసింది చట్టం.

1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం వచ్చి 2020 జూలై నుంచి అమలవుతున్నది. దీని ప్రకారం డబ్బు పూర్తిగా చెల్లించినవారే కాక, చెల్లిస్తానని మాట ఇచ్చినవారూ, వాయిదాల మీద కొన్నవారూ వినియోగదారులే. అంటే ఖాతా రాయించి సరుకు తెచ్చుకొన్నవారికి నాసిరకం సరుకు గురించి అడిగే హక్కు లేదనడానికి వీలు లేదు. కూలి తీసుకొని చేసే కుట్టుపని, మరమ్మతు సేవ కిందికి వస్తాయి. ఉచితంగా చేసిన సాయం రాదు. సరుకుకు గాని సేవకు గాని రసీదు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం ‘అనుచిత వ్యాపార పద్ధతి’గా, అంటే కొనుగోలుదారును దెబ్బతీసే అక్రమమైన అమ్మకపు తీరుగా, పరిగణిస్తుంది. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా, తిరిగి తీసుకొని సొమ్ము ఇవ్వడానికి నిరాకరించడం కూడా అదే కోవలోది. బిల్లు అడుగున అచ్చువేసే ‘అమ్మిన వస్తువులు తిరిగి తీసుకోబడవు’ అన్న వాక్యం లోపమున్న వస్తువు ముందు నిలవదు. కాని ఇంటికి వెళ్ళాక చీర రంగు నచ్చలేదంటే దానిని మార్చి ఇవ్వడం చట్టం విధించిన బాధ్యత కాదు. అది వ్యాపారి మర్యాద. ఈ రెండింటినీ కలిపేసి కొట్టు ముందు గొడవకు దిగడం తరచుగా కనిపించే పొరపాటు.

కొనుగోలుదారు చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల వరకు ఉన్న వివాదాలను జిల్లా వినియోగదారుల కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల వరకు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే దాఖలు చేయవచ్చు, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ళలోపు దాఖలు చేయాలి. అయినా 600 రూపాయల జాకెట్టు కోసం కమిషన్ మెట్లెక్కేవారు అరుదు, ఎక్కడం తెలివైన పని కూడా కాకపోవచ్చు. అంతకంటే తేలికైనది 1915 సంఖ్య గల జాతీయ వినియోగదారుల సహాయవాణి, తెలుగులోనూ మాట్లాడవచ్చు. తూకం, గరిష్ఠ చిల్లర ధర విషయాలు 2009 నాటి తూనికలు, కొలతల చట్టం కిందికి వస్తాయి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా అధికారి ముద్ర వేయించాలి, అంకెలు కొనేవారికి కనబడేలా పెట్టాలి. శీతల పానీయం మీద అచ్చువేసిన ధరకు ‘కూలింగ్’ పేరుతో రెండు రూపాయలు కలపడం, ఎంత అలవాటైనా, ఏ కొట్టులోనూ చెల్లదు.

వినియోగదారుల రక్షణ చట్టం చిన్న వ్యాపారికి కూడా రక్షణ ఇస్తుందన్న సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. వ్యాపారం కోసం కొన్న వస్తువులకు మామూలుగా ఈ చట్టం వర్తించకపోయినా, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నదైతే కొన్నవారు వినియోగదారులే అవుతారు. చెడిపోయిన కుట్టు మిషను అంటగట్టించుకొన్న దర్జీ, సరిగా పనిచేయని గ్రైండరు కొన్న టిఫిన్ సెంటరు యజమాని కౌంటరుకు ఇవతల నిలబడ్డ క్షణంలో ఫిర్యాదుదారులు కాగలరు. కొట్టు వెనుక ఉన్న పంపిణీదారులు, కంపెనీల ప్రతినిధులు వారితో వ్యవహరించే తీరు చూసినవారికి, గడువు తీరిన బిస్కెట్టు పొట్లాన్ని మార్చి ఇవ్వడానికి కిరాణా యజమాని ఎందుకు తటపటాయిస్తాడో అర్థమవుతుంది: కంపెనీ దానిని వెనక్కు తీసుకొంటుందో లేదో, తీసుకొన్నా ఎప్పుడు జమ కడుతుందో అతనికి తెలియదు. ఆ నష్టాన్ని కొనుగోలుదారు మీదికి నెట్టడం మాత్రం అతని హక్కు కాదు.

చిన్న కొట్టును పెద్ద సంస్థతో పోల్చి అడగరానివి కూడా ఉన్నాయి. పది నిమిషాలలో ఇంటికి చేర్చే యాప్‌కు ఉన్న గిడ్డంగులూ, పెట్టుబడిదారుల సొమ్మూ వీధి కొట్టుకు లేవు; నష్టానికి అమ్మి గిరాకీ పెంచుకొనే విలాసమూ లేదు. చెప్పుల దుకాణంలో అరగంట కూర్చొని, పది జతలు తీయించి, కొలత తెలుసుకొని, బయటికి వచ్చి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం తప్పు కాదని వాదించవచ్చు గాని, మరుసటిసారి ఆ దుకాణంలో ఆదరణ ఎందుకు తగ్గిందని ఆశ్చర్యపోవడానికి వీలు లేదు. నెలల తరబడి ఖాతా తీర్చకుండా మరో వీధికి మారిపోయేవారు ఒక్క కుటుంబమైనా, ఆ తరువాత అరువు అడిగే పది కుటుంబాలకు తలుపు మూసివేస్తారు. ఒక్క రోజు టిఫిన్‌లో ఉప్పు ఎక్కువైందని ఇంటర్నెట్‌లో ఒకే నక్షత్రం ఇచ్చి వదిలేయడం పెద్ద హోటలుకు గీత, చిన్న హోటలుకు గాయం. ఆన్‌లైన్ సమీక్షలకు ప్రమాణాలు నిర్దేశిస్తూ భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని విడుదల చేసింది గాని, అది సమీక్షలను నడిపే సంస్థలు ఎలా మెలగాలో చెబుతుందే తప్ప, యజమాని ఎదురుగా ఉండగా ఆ మాట అతనికే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబు ఇవ్వదు.

మరమ్మతుల రంగంలో ఇప్పుడు అత్యవసరంగా మారవలసింది రాత. హైదరాబాదులో జగదీశ్ మార్కెట్ వంటి చోట్ల ఫోన్లు బాగుచేసేవారి నైపుణ్యం గురించి వేరే చెప్పనవసరం లేదు; కొరవడేది, ఏ భాగం మార్చారు, అది కంపెనీదా నకలుదా, ఎన్నాళ్ళు పూచీ అన్న మూడు వివరాలు గల చీటీ. పని మొదలుపెట్టకముందే ఖర్చు అంచనా అడగడం, అంచనా దాటితే ఫోన్ చేసి చెప్పమనడం, తీసేసిన పాత భాగాన్ని తిరిగి ఇమ్మనడం మెకానిక్కుల దగ్గర ఎప్పటినుంచో ఉన్న మంచి అలవాట్లే. వాటిని గ్యాసు పొయ్యికీ, ఫ్రిజ్జుకూ విస్తరించడమే మిగిలింది. యూపీఐ చెల్లింపులు చిల్లరకు బదులు చాక్లెట్లు అంటగట్టే బాధను చాలావరకు తగ్గించడమే కాక, తేదీ, మొత్తం గల ఒక ఆధారాన్ని కూడా అప్రయత్నంగా మిగులుస్తున్నాయి. చాలా కొట్లలో వాట్సాప్‌లో పంపిన సరుకుల జాబితా, దర్జీకి పంపిన మెడ డిజైను బొమ్మ, ‘శుక్రవారం ఇస్తాను’ అన్న జవాబు, ఎవరూ ఉద్దేశించకుండానే రసీదు పుస్తకపు పని చేస్తున్నాయి.

గొంతు విప్పేటప్పుడు ఎవరితో, ఎప్పుడు అన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. దుకాణం కిటకిటలాడుతున్న సాయంత్రం పూట పదిమంది ముందు అడిగిన మాటకు వ్యాపారి తన పరువును కాపాడుకొనే జవాబే ఇస్తాడు. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక, వస్తువును చేత పట్టుకొని, మార్చి ఇవ్వాలా, తిరిగి బాగుచేయాలా, సొమ్ము వాపసు కావాలా అన్నది స్పష్టంగా చెబితే, ఎక్కువమంది అక్కడికక్కడే తేల్చేస్తారు, ఎందుకంటే తేల్చే అధికారం వారి చేతిలోనే ఉంది. యజమాని లేని వేళ కౌంటరులో ఉన్న కుర్రవాడి మీద విరుచుకుపడడం వల్ల సాధించేది శూన్యం: అతనికి ధర తగ్గించే అధికారం ఉండదు, సరుకు వెనక్కు తీసుకొనే అధికారం ఉండదు, ఆ రోజు జరిగిన నష్టం మాత్రం అతని జీతంలో కోతగా తేలవచ్చు. అటువంటప్పుడు అతనిని అడగదగినది యజమాని ఏ వేళకు వస్తాడన్న ఒక్క మాటే.